ఆ సాగదీతే కావాలి

పౌరాణిక నాటకాల్లో నటులు రాగం తీసి పాడే స్టేజీ పద్యం అనగానే నవ్వడం మనకు అలవాటైపోయింది. కామెడీ సీన్లో తాగుబోతు ఉంటే చాలు, చేయి చాచి ‘ఆ...’ అని రాగం ఎత్తుకుంటాడు, హాలు గొల్లుమంటుంది. కాలేజీ వార్షికోత్సవాల్లోనూ అదే అనుకరణ. పద్యమంటే ప్రాణమని చెప్పుకునేవాళ్లు కూడా ‘ఘంటసాల పాడితే వింటాం గానీ ఆ నాటకాలవాళ్ల సాగదీత భరించలేం’ అని తేల్చేస్తారు. నాకు ఆ సాగదీతే కావాలి. పద్యం అయిపోయాక మొదలయ్యే ఆ రాగం కోసమే నేను తెల్లవారుజాము దాకా కూర్చుంటాను. తెలుగువాళ్ల సంగీతంలో దానంత సొంతమైనది మరొకటి లేదని నా నమ్మకం.

పాండవుల తరఫున కృష్ణుడు కౌరవ సభకు సంధి మాటలకు వచ్చే రాయబారం సీనునే తీసుకోండి. తిరుపతి వేంకట కవుల ‘చెల్లియో చెల్లకో’ ఉత్పలమాల. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి స్థానం. మామూలుగా చదివితే నాలుగు పాదాలకూ అర నిమిషం చాలు. స్టేజీ మీది కృష్ణుడు మొదటి మూడు పాదాలనూ దాదాపు మాటలాగే చెబుతాడు, పదం పదం విడదీసి, ఆఖరి వరసలో దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడికి కూడా అందేలా. తాళం ఉండదు, తబలా మీద చెయ్యి ఆగిపోతుంది. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని నటుడి ముఖంవైపే చూస్తుంటాడు. ఆయన ఏ స్వరం మీద నిలుస్తాడో, ఎంతసేపు నిలుస్తాడో ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. నాలుగో పాదం చివరి అక్షరం మీద రాగం లేస్తుంది. తారషడ్జం, అంటే పై స్థాయి ‘స’ అందుకుని, అక్కడ నిలబడి, సంగతులు, అంటే రాగపు మలుపులు వేసుకుంటూ కిందికి దిగుతుంటే హార్మోనియం అదే దారిలో ఒక్క స్వరం వెనకగా వస్తుంది. ఆ కాసేపూ పందిట్లో జనం ఊరికే కూర్చోరు. కృష్ణుడు సభలో ఇప్పుడే అన్న మాట వాళ్ల మనసులో దిగుతూ ఉంటుంది. ఛందస్సులో బిగించిన గ్రాంథిక వాక్యం వినగానే అర్థమైపోయేది కాదు, దానికి వ్యవధి కావాలి. రాగం ఇచ్చేది ఆ వ్యవధినే.

హిందుస్తానీ విద్వాంసుడు ముప్పావు గంట ఆలాపన చేస్తే కళ్లు మూసుకుని తల ఊపుతాం. అదే పని గుంటూరు జిల్లా రైతు బిడ్డ కిరీటం పెట్టుకుని రెండు నిమిషాలు చేస్తే ‘అరుపు’ అంటాం. అది అరుపులా ఎందుకు ఉంటుందో కూడా చెప్పుకోవాలి. మైకులు లేని కాలంలో, ఆరుబయట వేలమంది ముందు నిలబడి రాత్రంతా పాడాల్సిన గొంతు అది. పై శ్రుతిలో, నాభి నుంచి తీస్తేనే వినపడేది. మైకులు వచ్చినా ఆ ఒడుపు పోలేదు. సినిమా పద్యం పుట్టింది వేరే చోట. ఆ రోజుల గ్రామఫోను రికార్డు ఒక పక్క మామూలుగా మూడు మూడున్నర నిమిషాలే పట్టేది, సినిమాకు ఆ తొందర ఇంకా ఎక్కువ. ఆ కొలతలో ఘంటసాల చేసింది మహాద్భుతం, అందులో సందేహం లేదు. ఆ కొలత తెచ్చి రాత్రంతా ఆడే నాటకానికి పెట్టడమే అన్యాయం.

ఎదుటి వాదన నాకు తెలియనిది కాదు. కౌరవ సభలో నిలబడ్డ కృష్ణుడు జనం వన్స్‌మోర్ అన్నారని అదే పద్యం మళ్లీ పాడితే నాటకం చచ్చిపోదా అంటారు. రాగం భావాన్ని మింగేస్తుందని పండితులు, మనుషులు అలా మాట్లాడుకోరని ఆధునికులు ఎన్నాళ్లుగానో అంటున్నారు. మనుషులు అలా మాట్లాడుకోరు, నిజమే. కథ తెలియక, కృష్ణుడు ఏం చెబుతాడో విందామని పందిట్లోకి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఎలా చెబుతాడో విందామనే వచ్చాడు. స్టేజీ మీద పీసపాటి కృష్ణుడు వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు వేరు, పద్యం నడుమ ఈల అందుకునే రఘురామయ్య కృష్ణుడు ఇంకా వేరు. ఒకే రాత్రి, నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుణ్ని, రాయబారానికి మరో కృష్ణుణ్ని దింపిన కాంట్రాక్టు నాటకాలను జనం ఎగబడి చూశారు. అక్షరం మారకుండా మనిషి మారితే పద్యం ఎంత మారుతుందో తూచగలిగిన శ్రోతలు వాళ్లు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది హరిశ్చంద్రుడు శ్మశానంలో కాపలా కాసే కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలోకి నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను తెచ్చుకున్నారు. జాషువా వాటిని నాటకం కోసం రాయలేదు, అవి ఆయన ‘ఖండకావ్యం’ అనే పద్య సంపుటిలోవి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి అంటరానితనాన్ని జన్మంతా భరించాడు. అలాంటి కవి పద్యాలు డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్రుల గొంతులో ఊరూరా తిరిగాయి. దళితుణ్ని గుడి మెట్టెక్కనివ్వని ఊళ్లో, అర్ధరాత్రి దాటాక, జనం జాషువా పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. చావు ముందు రాజూ కూలీ ఒకటేనన్న మాట ఆ రాగంతోపాటు వాళ్ల చెవిలో పడింది. ఏ సాహిత్య సభ ఆ పని చేయగలిగింది? అక్షరం ముక్క రానివాళ్లు, పొలంలో మడక దున్నుతూ జాషువాను, తిరుపతి వేంకట కవులను పాడుకున్నారంటే ఆ పుణ్యం పూర్తిగా మనం వెక్కిరించే ఈ నటులదే.

ఇక బడికి రండి. పద్యాన్ని అక్కడ ఏం చేశామో చూడండి. నక్షత్రం గుర్తున్న పద్యం బట్టీ పట్టు, పాదభంగం లేకుండా రాయి, ప్రతిపదార్థం రాయి, భావం రాయి. పదో తరగతి దాటేలోపు ఒక్కసారైనా పద్యం నోరారా పాడని పిల్లలు లక్షల్లో ఉంటారు. గురు లఘువులు కాగితం మీద గుర్తిస్తారు, చెవితో గుర్తించలేరు. రాగయుక్తంగా చదివే తెలుగు మాస్టారు ఒకప్పుడు ప్రతి హైస్కూల్లో ఉండేవారు. ఇప్పుడు ఆయనకూ సిగ్గు నేర్పాం, క్లాసులో రాగం తీస్తే పిల్లలు ఫోనులో వీడియో తీసి నవ్వుతారేమోనని భయపడే స్థితికి తెచ్చాం. తెలుగు చచ్చిపోతోందని సభలు పెట్టి ఏడ్చేవాళ్లే, ఆ భాషను చదువురాని ఇంటిదాకా మోసిన గొంతును చూసి నవ్వుతున్నారు. మాధ్యమం గొడవ, జీవోల గొడవ ఎంతైనా నడవనివ్వండి, చెవికి రుచి లేని భాషను ఏ జీవో నిలబెడుతుంది?

తెనాలి చుట్టుపక్కల, పల్నాడులో, ఉత్తరాంధ్రలో శివరాత్రికీ శ్రీరామనవమికీ వేషం కట్టే నటులు ఇప్పటికీ ఉన్నారు. మిగతా రోజుల్లో చాలామంది వేరే పనులు చేసుకుని బతుకుతున్నారు. జిల్లా విద్యాశాఖలు వాళ్లను ఏడాదికి నాలుగుసార్లు హైస్కూళ్లకు పిలవాలి, వాచకంలో ఉన్న పద్యాలనే పాడించాలి, పిల్లలతో అనిపించాలి. దానికి శాలువాలు సరిపోవు, డబ్బు ఇవ్వాలి. హార్మోనిస్టుకు విడిగా ఇవ్వాలి. అతను పక్కన లేకుండా ఆ రాగం లేవదు.