నడిచేవాడికి లిఫ్ట్ ఇచ్చే ఊరి నుంచి

మహారాజశ్రీ అహ్మదాబాద్ హెరిటేజ్ వాక్ గారికి,

నెల్లూరు మూలాపేట నుంచి ఒక స్కూటర్ ఆసామి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నా మోకాళ్లు మాత్రం నెల రోజుల్నించీ నా మాట వినడం లేదు. దానికి కారణం తమరే.

పోయిన నెల అహ్మదాబాద్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి పోయాం. అల్లుడు ముందే టిక్కెట్లు తీసిపెట్టాడు. సినిమాకేమో అనుకున్నా. తెల్లారకముందే లేపి "నడవడానికి మామయ్యా, గైడు కథలు చెప్తా పాత ఊరు చూపించే హెరిటేజ్ వాక్" అన్నాడు. డబ్బులు కట్టి నడవడం! వీధి చివరి అంగట్లో కరివేపాకు కావాలన్నా బండి తీసే మనిషిని నేను. "కరివేపాకు కొసరుకిస్తారు, పెట్రోలు ఇవ్వరు" అని మా ఆవిడ ముప్పై ఏళ్లుగా అంటానే ఉంది.

కాలుపూర్ స్వామినారాయణ గుడి దగ్గర మొదలుపెట్టి జామా మసీదు దాకా తిప్పారు. 1997 నుంచీ ఇదే పనంట తమరికి. ఆ పాత ఊరికి 2017లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ నగరమని బిరుదు కూడా ఇచ్చారు, దేశంలో అదే మొదటిది. పోళ్లని పిలుచుకునే ఆ సన్నటి సందులు, పిట్టలకు గింజలు వెయ్యడానికి స్తంభం మీద కట్టిన గూళ్లు, అన్నీ బాగానే ఉన్నాయి. ఒకచోట దల్పత్‌రామ్ అనే గుజరాతీ కవి ఇల్లుండే చోటంట, అరుగు మీద ఆయన విగ్రహాన్ని కూర్చోబెట్టారు. మా ఆవిడ పక్కనే కూర్చుని ఫొటో దిగింది. ఆయన రాసింది ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు, అయినా పుట్టింటి మనిషి దొరికినట్టు నవ్వింది.

ఊరికొచ్చాక అడిగింది: "మన తిక్కన ఏ అరుగు మీద కూర్చోనున్నాడండీ?"

విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేసిన మహానుభావుడు, మనుమసిద్ధి కొలువులో మా ఊళ్లో ఉన్నవాడు. నేను బండి స్టాండు సరిచేస్తున్నట్టు వంగాను.

అందుకే తమర్ని నెల్లూరికి పిలుస్తున్నా. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గర మొదలుపెట్టండి, గాలిగోపురం చూపించండి. అక్కడిదాకా ఢోకా లేదు. ట్రంకురోడ్డు ఎక్కినాక మాత్రం మీ గైడు వెనక్కి నడుస్తూ కథ చెప్పే అలవాటు మానుకోవాల. ఫుట్‌పాత్ లేదని కాదు, ఉంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని ఆనుకుని చెరుకు రసం బండి, దాని ముందు రసం తాగేవాళ్ల బండ్లు. మిగిలిన జానెడు చోట్లో కాలవ మూత, అదీ సగమే.

అసలు గండం అది కాదు, మావాళ్ల ప్రేమ. అహ్మదాబాద్ ఊపులో నేను ఒకరోజు పెద్దబజారుకు నడిచి బయల్దేరా. "ఏందన్నా, బండి చెడిపోయిందా? ఎక్కు, దింపేస్తా" అని ముగ్గురు ఆగారు. నాలుగోవాడు ఆగలేదు, మా ఆవిడకు ఫోన్ చేసి "అన్నకేమన్నా డబ్బు ఇబ్బందా వదినా?" అని అడిగాడు. తమరి వెంట ఇరవై మంది వస్తారనుకోండి, గాంధీబొమ్మ సెంటరుకి గైడూ వాడి చేతిలో జెండా మిగుల్తాయి. తక్కినవాళ్లు ఎవరి బండెనకో ఎక్కి ఎవరింట్లోనో నిన్నటి చేపల పులుసు తింటా ఉంటారు. మామిడికాయ ముక్కేసిన పులుసు మర్నాటికే రుచి. మీ టూరులో ఆ ముక్క లేదు గదా.

నిజంగా నడిచిన మనిషి మా ఊళ్లో ఒకడుండె. పొట్టి శ్రీరాములు. మా మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితుల్ని రానియ్యాలని 1946లో నిరాహారదీక్షకు కూర్చుని సాధించినవాడు. చివరి రోజుల్లో ఒంటిమీద నినాదాల అట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, నెల్లూరు ఎండలో వీధులెంబడి తిరిగేవాడంట. తెలియనివాళ్లు పిచ్చోడనుకున్నారు. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టాం. మూలాపేట గుడికి నేనిప్పటికీ స్కూటర్ మీదే పోతా.

ఏడాదికొకసారి మొహర్రం నెలలో మాత్రం లక్షల మంది నడుస్తారు మా ఊళ్లో, బారాషహీద్ దర్గాకి, గైడు లేకుండానే. పక్కనే స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె, దేనికి దానికే. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, తీరాల్సినవాళ్లు పుచ్చుకుంటారు. ఈసారి నేనూ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫుట్‌పాత్ రొట్టె కావాలని అరుద్దామనుకుంటున్నా. మా ఆవిడేమో "ఇచ్చేవాడికి ముందు ఫుట్‌పాత్ దొరికుండాల గదా" అంటోంది.

తమరి దగ్గర అట్టాంటోడు ఎవడన్నా ఉంటే, రొట్టెల పండగకి పంపించండి. దర్గామిట్ట దాకా బండి మీద నేనే తెస్తా.

ఇట్లు,
మూలాపేట స్కూటరాయన