హామీ లేని రూపాయి

మొన్న విజయవాడ గవర్నర్‌పేటలో పాత నాణేలు, నోట్లు అమ్మే ఒకాయన నా చేతిలో ఒక రూపాయి నోటు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది, బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మతో. అటూ ఇటూ తిప్పి చూశాను. 'చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను' అన్న మాట ఎక్కడా లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి దొరక్క 1917లో తొలి రూపాయి నోటు వేసినప్పుడు ఆ మాట ఉండేది. 1940కి సర్కారు తెలివి మీరింది. సభలో చర్చ లేకుండా నేరుగా జారీ చేసే ఆర్డినెన్సు తెచ్చి, ఈ కాగితమే రూపాయి నాణెం అనేసింది. కాగితమే నాణెం అయ్యాక, దాన్ని పట్టుకెళ్లి వెండి ఇవ్వమని ఎవరు అడగగలరు?

అప్పుడు వేరే దారి లేదనేవాళ్లున్నారు. యుద్ధంలో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయిందన్న టెన్షన్‌తో జనం నోట్లిచ్చి వెండి రూపాయలు తెచ్చుకుని దాచేశారు, బజారులో చిల్లర కరువైంది. నిజమే. చిల్లర కోసం నోటు వేయడాన్ని నేనూ తప్పు పట్టను.

కానీ అక్కడితో ఆగారా? 1939లో సుమారు 180 కోట్ల రూపాయలున్న నోట్ల చలామణి 1945కి 1,100 కోట్లు దాటింది. సైన్యానికి కావలసిన ధాన్యం, బట్ట ఆ నోట్లతోనే కొన్నారు. ఆ ఖర్చులో బ్రిటన్ తన వాటాను లండన్‌లో పౌండ్ల ఖాతాలో బాకీగా రాసుకుంది, ఆ బాకీనే పూచీగా చూపించి ఇక్కడ మళ్లీ నోట్లు వేశారు. సరుకు ఇప్పుడే పోయింది, డబ్బు ఎప్పుడో వస్తుందట! మధ్యలో ధరలు మండిపోయాయి. కూలిగా ధాన్యం కొలిపించుకున్న పాలేరుకు గింజలైనా మిగిలాయి. నోట్లు అందుకున్న గుమాస్తా, బడిపంతులు అదే జీతంతో నెలనెలా తక్కువ బియ్యం ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్ల దగ్గర వసూలు చేసింది పన్నే. ఏ బడ్జెట్‌లోనూ కనపడని పన్ను.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ ఆర్డినెన్సు. ఆ అలవాటు తెల్లవాళ్లతో పోలేదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయింది ఒక నోటిఫికేషన్‌తో, డిసెంబరు 30న వచ్చింది మళ్లీ ఆర్డినెన్సే. 2023లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో రద్దును సమర్థించింది. ఇంత పెద్ద పని చట్టం ద్వారా జరగాల్సిందని విడిగా తీర్పు రాసిన జస్టిస్ నాగరత్న వైపే నేనుంటాను. మన జేబులో నోటు విలువ మార్చే ముందు మనం ఎన్నుకున్నవాళ్లు సభలో లేచి మాట్లాడాలి. గుంటూరు మిర్చి యార్డులో రోజు కూలీ నోట్లలో తీసుకునే హమాలీకి ఆ మాత్రం హక్కు ఉంది.