తప్పంతా నీటిదే

సొంత చేతులతో చెక్క మోటారు బోటు కట్టుకున్న మనిషికి జరుగుతున్న అన్యాయం మీద ఇప్పటిదాకా ఎవరూ నోరు విప్పలేదు. షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆ పడవకు ఏ రోగమూ ఉండదు. కారదు, ఒరగదు, ముక్కెత్తి ఆకాశం చూడదు. స్పిరిట్ లెవెల్ పెడితే బుడగ మధ్యలో బుద్ధిగా నిలబడుతుంది. వార్నిష్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. నీళ్లలోకి దించిన దగ్గర్నుంచి మాత్రం రోజుకో జబ్బు బయటపడుతుంది. అంతవరకూ లేని తప్పు నీరు తగిలాకే వచ్చిందంటే దోషి ఎవరో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అయినా లోకం వేలు మాత్రం కట్టినవాడి వైపే చూపిస్తోంది.

కాబట్టి నీటి మీద బహిరంగ విచారణ జరిపించాలని డిమాండ్ చేస్తున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వాదన అని గిట్టనివాళ్లు అంటారు. మద్దెల నిజంగానే ఓటిదైతే ఏం చెయ్యాలో వాళ్లు చెప్పరు.

మొదటి అభియోగం అక్రమ ప్రవేశం. పడవ వెనుక పలకకు అడుగున ఒక రంధ్రం ఉంటుంది. లోపల చేరిన వాన నీరు బయటికి పోవడానికి పెట్టిన దారి అది. పడవను దించే ముందు దానికి ప్లగ్ బిగించాలని పుస్తకాల్లో రాస్తారు. ప్రారంభోత్సవం నాడు కెమెరాల ముందు నిలబడ్డ మనిషికి ఇలాంటి చిల్లర పనులు గుర్తుండవు. ప్లగ్ అతని చొక్కా జేబులోనే భద్రంగా ఉంటుంది. బయటికి పోయే దారిలోంచి లోపలికి రాకూడదన్న కనీస మర్యాద నీటికి లేదు. 25 మిల్లీమీటర్ల రంధ్రం నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల కింద ఉంటే నిమిషానికి సుమారు 35 లీటర్లు లోపలికి వస్తుంది. ఒడ్డున చప్పట్లు కొట్టేవాళ్లు ఆపేసరికి కట్టినవాడి పాదాలు తడుస్తాయి.

పలకల పడవల సంగతి ఇంకా విడ్డూరం. పలక పక్కన పలక చేర్చి, సందుల్లో నార కూరి కట్టే పాత పద్ధతి పడవ మొదటిసారి దించినప్పుడు కారుతుంది. ఒడ్డున ఎండిన చెక్క ఒకట్రెండు రోజులు నానితే ఉబ్బుతుంది, సందులు వాటంతటవే మూసుకుంటాయి. అంటే చొరబడ్డవాడే లోపలికొచ్చి తలుపు వేస్తున్నాడన్నమాట. ప్లైవుడ్, ఎపాక్సీ అనే జిగురుతో కట్టిన పడవకు ఈ సదుపాయం లేదు. అది కారుతోందంటే ఎక్కడో అతుకు సరిగ్గా పడలేదనే. ప్లైవుడ్ పడవ యజమాని ఎవరైనా "రెండ్రోజులు నానితే సర్దుకుంటుందండీ" అంటే గౌరవంగా తల ఊపండి, కాని ఎక్కకండి.

రెండోది తూకం. పడవ బరువు ఎంతో అంత బరువు నీటిని పక్కకు తోసి తేలుతుంది. ఆర్కిమెడీస్ కాలం నుంచి ఇదే లెక్క. ఈ లెక్కలో రాజీకి చోటు లేకపోవడమే నా అభ్యంతరం. ప్లానులో 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని ఉంటుంది. కట్టేవాడు 9 వేస్తాడు, బలం కోసం. దాంతో చెక్క బరువు సగం పెరిగింది. పక్కల్లో ఒకటి చాలన్నచోట రెండు బద్దలు, అదీ బలం కోసమే. ఎపాక్సీ మిగిలింది కదా అని ఇంకో పూత. ఆ తర్వాత మెత్తలు, పనిముట్ల పెట్టె, రెండో బ్యాటరీ. ప్రతి ఒక్కటీ సదుద్దేశంతో చేసినదే. మనుషులైతే ఉద్దేశం చూసి కొంత తగ్గించేవారు. నీరు మాత్రం చివరి గ్రాము దాకా తూచి పడవను అంతమేరా కిందికి దించుతుంది. మాస్కింగ్ టేపు అంటించి, ఊపిరి బిగబట్టి గీసిన ఎర్రటి నీటి రేఖ ఇప్పుడు చేపలకు మాత్రమే కనిపిస్తోంది.

ఇక వేగం. ఈ విషయంలో నీరు చేసిన మోసానికి సాక్ష్యాలు బోలెడు. నీటిని కోసుకుంటూ పోయే పడవకు ఒక పరిమితి ఉంది. నీటి మట్టం దగ్గర దాని పొడవు ఎన్ని అడుగులో చూసి, వర్గమూలం తీసి, 1.34తో గుణిస్తే ఎన్ని నాట్ల దగ్గర ఇబ్బంది మొదలవుతుందో తెలుస్తుంది. 16 అడుగుల పడవకు అది 5.4 నాట్లు, గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆపైన వెళ్లాలంటే పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాలి. దారికి అడ్డంగా గుట్ట కట్టేదీ నీరే, ఎక్కలేకపోతున్నావని వెక్కిరించేదీ నీరే. ఆ గుట్ట దాటితే పడవ పైకి లేచి నీటి మీద పరుగెడుతుంది, దాన్నే ప్లేనింగ్ అంటారు. దాటాలంటే ఇంజిన్‌కు సత్తువ ఉండాలి, పడవ తేలిగ్గా ఉండాలి. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సంగతి ఇక్కడ మళ్లీ ఎత్తనక్కర్లేదు. 1870లలో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు టోర్కీలో పొడవాటి తొట్టె కట్టించి, అందులో మైనపు నమూనా పడవలను లాగి ఈ నిరోధాన్ని కొలిచాడు. నీటిని నిలదీయడానికి వెళ్లినవాడు చివరికి దాని తరఫున సాక్ష్యం చెప్పి వచ్చాడు. ఇలాంటివాళ్ల వల్లే మన కేసు బలహీనపడింది.

సరే, పడవ ప్లేనింగ్‌లోకి వచ్చిందనుకుందాం. అప్పుడు గంతులు మొదలవుతాయి. ముక్కు లేస్తుంది, ధబ్బున పడుతుంది, మళ్లీ లేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ల పళ్లు టకటకలాడుతుంటే, నడిపేవాడు ఇది డిజైన్‌లో భాగమే అన్నట్టు నవ్వుతుంటాడు. ఈ గంతులకు పుస్తకాలు చూపించే కారణాలు మూడు: బరువంతా వెనుకే ఉండటం, ఇంజిన్ కాలును మరీ బయటికి వంచి ట్రిమ్ చెయ్యడం, పడవ అడుగు భాగం చివర్లో తిన్నగా లేకుండా కొద్దిగా ఉబ్బి ఉండటం. ఈ మూడోదే ప్రమాదకరం. అడుగు భాగపు చివరి మీటరు మీద తిన్నని బద్ద పెట్టి చూడమని ఏ స్నేహితుడో సలహా ఇస్తాడు. అటువంటి స్నేహితులను షెడ్డు దరిదాపులకు రానివ్వకూడదు. బద్ద కింద రెండు మూడు మిల్లీమీటర్ల వెలుతురు కనిపించిందంటే పడవను తిరగేసి, రంగు గీకి, పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది మళ్లీ రంగు వెయ్యాలి. ఆ పని తప్పించుకోవడానికి మనిషి ఏమైనా చేస్తాడు. ముఖ్యంగా ప్రొపెల్లర్ కొంటాడు.

ప్రొపెల్లర్ ఈ రంగంలో సర్వరోగ నివారిణి. దానికి రెండు కొలతలు. వ్యాసం ఒకటి, పిచ్ రెండోది. పిచ్ అంటే ఒక్క చుట్టుకు, జారకుండా ఉంటే, ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్న లెక్క. ఇంజిన్ నిమిషానికి 5500 చుట్లు తిరుగుతోంది, గేరులో అవి సగమయ్యాయి, పిచ్ 11 అంగుళాలు అనుకుంటే పడవ గంటకు 46 కిలోమీటర్లు పోవాలి. నూటికి 15 వంతులు జారిందంటే జీపీఎస్‌లో 39 కనిపిస్తుంది. మిగతా 7 కిలోమీటర్లు ఎవరు తిన్నారు? నిపుణులను అడిగితే, కొంత జారితేనే రెక్కకు తోపు పుడుతుంది, అసలు జారకపోతే పడవే కదలదు అంటారు. అంటే నీటికి కమీషన్ ముట్టనిదే పని జరగదని నిపుణులే ఒప్పుకుంటున్నారు!

ఇక్కడ కొంత న్యాయంగా కూడా మాట్లాడాలి. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ 5000 నుంచి 6000 చుట్ల మధ్య తిరగాలని తయారీదారు రాసి ఉంటే, మన పడవలో 4600 దగ్గరే ఆయాసపడుతుంటే, పిచ్ తగ్గించడం సరైన వైద్యమే. ఒక అంగుళానికి సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. దానివల్ల ఇంజిన్‌కు హాయి. అడుగున ఉన్న ఉబ్బు మాత్రం ఏ ప్రొపెల్లర్‌తోనూ పోదు. అందుకే నాలుగోది కొనాల్సి వస్తుంది.

ప్రొపెల్లర్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు చార్లెస్ పార్సన్స్ ఆరాధ్య దైవం. 1894లో ఆయన 'టర్బీనియా' అనే ఆవిరి టర్బైను పడవను దించాడు. ఇంజిన్‌లో బోలెడు బలం, పడవలో మాత్రం ఆశించిన వేగం లేదు. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరగడంతో రెక్కల వెనుక పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలవుతోందని, బలమంతా అక్కడే వృథా అవుతోందని ఆయన గ్రహించాడు. చిన్న తొట్టె చేయించి ఆ బుడగలను కళ్లారా చూశాడు. చివరికి మూడు ఇరుసులు, ఒక్కో దానికి మూడేసి ప్రొపెల్లర్లు పెట్టి, 1897లో స్పిట్‌హెడ్ దగ్గర విక్టోరియా రాణి నౌకాదళ ప్రదర్శనలోకి పిలవని పేరంటంగా దూరి, యుద్ధనౌకల మధ్య 30 నాట్లు దాటిన వేగంతో చక్కర్లు కొట్టాడు. ఈ కథలో తొట్టె కట్టి కారణం వెతకడం అనే ఘట్టం మన షెడ్డుల్లో ఎవరికీ గుర్తుండదు. తొమ్మిది ప్రొపెల్లర్లు మాత్రం గుర్తుంటాయి.

ఇంజిన్ ఎత్తు గురించి క్లుప్తంగా చెబుతాను, నాకు బీపీ పెరుగుతుంది కాబట్టి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డు పలక దాదాపు పడవ అడుగుతో సమానంగా ఉండాలి. మరీ పైకైతే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే గిర్రున తిరుగుతుంది. మరీ కిందికైతే ఈడ్పు ఎక్కువ. అవుట్‌బోర్డ్ ఇంజిన్లు, అంటే పడవ వెనుక పలకకు (ట్రాన్సమ్) బయటినుంచి తగిలించేవి, ఎక్కువగా 15 అంగుళాల ఎత్తున్న ట్రాన్సమ్‌కో, 20 అంగుళాల ట్రాన్సమ్‌కో సరిపోయేలా వస్తాయి. మనవాడు కట్టిన ట్రాన్సమ్ పదిహేడున్నర. ఎవరినీ నొప్పించకూడదన్న స్వభావం అది.

ఈ దశలో ఒక సంయమనం అవసరమని పెద్దలు చెబుతారు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యి, తిప్పి చూడు, కాగితం మీద రాసుకో. వినడానికి బాగుంటుంది. ఆదివారం సాయంత్రం వెలుతురు పోతుంటే ఇంజిన్ ఒక రంధ్రం పైకి, కొత్త ప్రొపెల్లర్, ట్రిమ్ రెండు గీతలు లోపలికి, బ్యాటరీ ముందుకు, అన్నీ కలిపి చేస్తేనే మజా. పడవ బాగుపడితే దేనివల్లో తెలీదు, పాడైతే ఎవరి వల్లో అందరికీ తెలుసు. (ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకు తగిలించుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి. ఇది మాత్రం వెటకారం కాదు.)

గతంలో ఒక విచారణ జరిగింది, కాని సగమే. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోంలో 'వాసా' అనే 64 ఫిరంగుల చెక్క యుద్ధనౌక మొదటి ప్రయాణంలోనే కిలోమీటరున్నర కూడా పోకుండా మునిగింది. పైభాగం బరువెక్కువ, కింద ఊతం తక్కువ. బయల్దేరక ముందే 30 మందిని ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్షించారు. మూడోసారికే ఓడ మునిగేలా ఊగడంతో పరీక్ష ఆపేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు. తర్వాత విచారణలో కట్టినవాళ్లను, నడిపినవాళ్లను అందరినీ అడిగారు. రాజుగారు ఆమోదించిన కొలతలే అన్నారు వాళ్లు. ఎవరికీ శిక్ష పడలేదు. అంతమందిని పిలిచినవాళ్లు అసలు లోపలికి వచ్చిన నీటిని మాత్రం పిలవలేదు.

మన పడవ విషయానికొస్తే, గంతులు ఆగాయి. ఎలాగంటే, యజమాని వెనక్కి తిరిగి "బావగారూ, మీరు కాస్త ముందుకొచ్చి కూర్చుంటారా?" అన్నాడు. బావగారు కదలగానే పడవ తిన్నగా సాగింది. ముందు కూర్చుంటే మొహాన నీళ్లు కొడుతున్నాయని మరుసటి వారం బావగారు రావడం మానేశారు. ఆయన స్థానంలో 20 లీటర్ల నీళ్ల డబ్బాలు నాలుగు వచ్చాయి. ఒక అడుగు ముందుకు, అరడుగు వెనక్కి జరిపి చూడగా చూడగా పడవ చెప్పినట్టు వినే చోటు ఒకటి దొరికింది. ప్లాను తీసి చూస్తే పెట్రోలు ట్యాంకు గీసి ఉన్నది సరిగ్గా ఆ చోటే. పైపు పొడవు కలిసొస్తుందని దాన్ని ఇంజిన్ పక్కకు జరిపింది కట్టినవాడే. ఈ చిన్న వివరాన్ని విచారణ సంఘం పట్టించుకోనవసరం లేదు. ప్లాను గీసిన మనిషికి, నీటికి మధ్య ముందే లోపాయికారీ ఒప్పందం ఏమైనా ఉందా అన్నది మాత్రం క్షుణ్ణంగా పరిశీలించాలి.