పది వేల అడుగుల సందేశానికి ఒక జవాబు

మా నడక బృందం వాట్సాప్‌లోకి ఆ సందేశం మళ్ళీ వచ్చింది. "రోజుకు 10,000 అడుగులు నడవాలని శాస్త్రం తేల్చింది. 21 రోజులు వదలకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుంది. చేతికి స్మార్ట్ వాచీ ఉంటే బరువు దానంతటదే తగ్గుతుంది, మానసిక ఒత్తిడి ఎంతుందో అదే చెబుతుంది. ఇక డాక్టరుతో పనేమిటి?" కింద వరుసగా నమస్కారాల బొమ్మలు. పంపినాయన నాకు మిత్రుడే. అడుగులు లెక్కపెట్టే ఆప్ నా ఫోనులోనూ ఉంది. అయినా ఊరుకోలేకపోయాను.

10,000 అన్న అంకె పుట్టింది ప్రయోగశాలలో కాదు, అంగడిలో. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపు తగ్గకముందే, 1965లో, యమాసా అనే జపాను కంపెనీ నడుముకు తగిలించుకునే మీటరు ఒకటి అమ్మకానికి తెచ్చింది. దాని పేరు 'మన్‌పోకేయి', అంటే పది వేల అడుగుల మీటరు. పరిశోధనలు చాలా తర్వాతి మాట. ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం 16,000 మందికి పైగా అమెరికా మహిళలను పరిశీలించింది. వారి సగటు వయసు 72. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దగ్గరికి వచ్చేసరికి అదనపు లాభం ఆగిపోయింది. ఓపిక ఉన్నవారే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఈ ఘనతంతా నడకదే అనలేం, నిజమే. కానీ మోకాళ్ళ నొప్పులతో 5,000 దగ్గర ఆగిపోయే మా పెద్దమ్మకు ఆప్ రోజూ సగం నిండిన వలయం చూపించి చిన్నబుచ్చడం మాత్రం అన్యాయం.

21 రోజుల కథ ఇంకా విచిత్రం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. చేతులు మారేకొద్దీ 'కనీసం' రాలిపోయింది, ముఖం పోయి వ్యాయామం వచ్చింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు. నడిమి లెక్క 66. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదనీ వారు గమనించారు. ఆప్‌లకు ఈ సంగతి పట్టదు. నేను ఒక ధ్యానం ఆప్‌లో 40 రోజులు వరుసగా కూర్చున్నాను. జ్వరం వచ్చి ఒక్క రాత్రి తప్పింది. మర్నాడు తెర మీద సున్నా. ఆ కోపంతో రెండు నెలలు దాన్ని తెరవలేదు. కోపం తగ్గించుకుందామనే మొదలుపెట్టాను మరి.

వాచీ, బరువు సంగతి: 2016లో వెలువడిన, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసిన ప్రయోగంలో రెండు జట్లకూ ఆహార నియమాలు, సలహాలు ఇచ్చారు, ఒక జట్టుకు అదనంగా శరీరానికి తగిలించుకునే పరికరం ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత పరికరం ఉన్నవారు సగటున 3.5 కిలోలు, లేనివారు 5.9 కిలోలు తగ్గారు.

ఇక ఒత్తిడి. వాచీ వెనకనున్న ఆకుపచ్చ వెలుగు చర్మం కింద రక్తప్రవాహాన్ని గమనిస్తుంది. గుండె కొట్టుకోవడంలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య వ్యవధి ఎలా మారుతోందో చూసి ఒక అంకె వేస్తుంది. చిక్కటి కాఫీ తాగినా, జ్వరం తగిలినా, కూతురికి ఉద్యోగం వచ్చిందని గంతేసినా ఆ వ్యవధి మారుతుంది. ఎందుకు మారిందో వాచీకి తెలియదు. నిద్ర అంకెలు చూసుకుంటూ నిద్ర పాడుచేసుకునేవారి కోసం 2017లో అమెరికా వైద్యులు 'ఆర్థోసోమ్నియా' అని కొత్త పేరే పెట్టవలసి వచ్చింది.

డాక్టరుతో పని ఉంది. వారాల తరబడి నిద్రపట్టకపోతే, బతుకు మీద విసుగు పుడితే ఆప్‌తో సరిపెట్టుకోకూడదు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416కు ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అదీ ఫోనుతో అయ్యే పనే, కాకపోతే అవతల మనిషి ఉంటారు.

ఆ నంబరును మా బృందంలో పెట్టాను. ఇప్పటికి ఒక్క నమస్కారం వచ్చింది.