బావగారి తోకచుక్క

2004లో వచ్చిన నికాన్ డీ70 కెమెరాతో రాత్రిపూట ఫొటోలు తీయాలనుకునేవారికి ఓపిక ఉండాలి, వెంట బావగారు ఉండకూడదు. ఈ రెండో నియమం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో నాకు చెల్లలేదు. ఎదురుగా గోదావరి మీద 28 కమానుల రైలు వంతెన. షట్టరు అర నిమిషం తెరిచి ఉంచితే ఎక్స్‌ప్రెస్ కిటికీల వెలుగంతా ఒకే గీతగా పడుతుంది.

ఆ తరం సెన్సరును అంతసేపు తెరిచి ఉంచితే, అందులోనూ మే నెల ఉక్కలో, ఎక్కడా లేని ఎర్రచుక్కలూ నీలిచుక్కలూ ఫొటోనిండా పొంగుతాయి. వాటిని తుడిచేందుకు కెమెరా ఒక ఉపాయం చేస్తుంది: ఫొటో ఎంతసేపు తీసిందో మళ్లీ అంతసేపు షట్టరు మూసుకుని ఉత్త చీకటిని తీసి, మొదటి ఫొటోలోంచి దాన్ని మినహాయిస్తుంది. అంతవరకూ "జాబ్ ఎన్ఆర్" (అంటే, చుక్కలు తుడిచే పనిలో ఉన్నాను) అని మిణుకుమిణుకుమనడమే తప్ప, మీట ఎంత నొక్కినా ఉలకదు, పలకదు.

ముందుగా ఆకాశాన్ని కలిపి వంతెనను రెండు నిమిషాలు తీశాను. అది ముగిసి కెమెరా చీకటి ధ్యానంలోకి వెళ్లిందో లేదో, కొవ్వూరు వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చేసింది. "నొక్కు బావా, నొక్కు!" అని బావగారు నా వీపు మీద చరుస్తుండగానే రైలు దాటిపోయింది. కెమెరా తేరుకునేసరికి వచ్చింది గూడ్సు; దానికి ఇంజను దీపం తప్ప వెలిగే కిటికీ ఒక్కటీ లేదు.

చివరికి ఒక ఎక్స్‌ప్రెస్, తెరిచిన షట్టరు ఒకే ముహూర్తానికి కుదిరాయి. సరిగ్గా అప్పుడే బావగారికి, మెట్ల మీద విడిచిన చెప్పుల్లో ఒకటి కనిపించడం లేదని గుర్తొచ్చింది. ఫోను టార్చి వేసి, కెమెరా ముందునుంచే వంగుతూ లేస్తూ వెతికారు. 1.8 అంగుళాల తెర మీద ఫొటో తేలింది: వంతెన, దాని మీద చక్కటి గీత, ఆ రెండింటినీ అడ్డంగా కొట్టేస్తూ మెలికలు తిరిగిన తెల్లటి తోక. నిలకడగా లేనందువల్ల బావగారి ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

నేను తుడిచేసేలోగా ఆయన ఆ తెరను తన ఫోనుతో ఫొటో తీసి, "గోదావరిపై తోకచుక్క" అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అరిష్టమేమోనని, తలస్నానం చేయాలా అని పిన్ని వెంటనే అడిగింది. చేయడమే మంచిదని బావగారు ఒంటి చెప్పుతో నిలబడి, ఎంతో శ్రద్ధగా జవాబు టైపు చేశారు.