గుంత పూడితే సరిపోదు

విరిగి అతుక్కోని ఎముక, కణితి తీసేశాక మిగిలిన ఖాళీ, పన్ను ఊడి అరిగిపోయిన దవడ. ఇలాంటి చోట్ల వైద్యులు ఎముక గ్రాఫ్ట్, అంటే ఖాళీని పూడ్చే ఎముక ముక్కో దాని బదులు పదార్థమో పెడతారు. అది రోగి సొంత తుంటి నుంచి తీసినది కావచ్చు, మరణానంతరం దాత ఇచ్చినది కావచ్చు, శుద్ధి చేసిన పశువు ఎముకో ఫ్యాక్టరీలో చేసిన సిరామిక్ గుళికలో కావచ్చు. ఏదైతేనేం, గుంత పూడితే చాలన్న ధోరణి రోగుల్లోనే కాదు, ఆ సరుకు కొనుగోలుకు సంతకాలు పెట్టేవారిలోనూ ఉంది. అది మారాలి. సిరామిక్ గుళికలు తమంతట తాము ఎముక కావు. మూలుగ నుంచి, ఎముక పైపొర నుంచి అక్కడికి చేరే మూలకణాలే (వేర్వేరు రకాల కణాలుగా మారగల కణాలు) ఎముక కడతాయి. కడతాయా లేదా అన్నది అవి ఆనుకున్న పదార్థం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇది మా ఊహ కాదు. ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టుకొచ్చిందని 1965లోనే అమెరికా ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ చూపించారు. 2006లో ఆడమ్ ఇంగ్లర్, డెనిస్ డిషర్ బృందం మూలకణాలను వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచింది. బాగా మెత్తని జెల్ మీద అవి నాడీకణాల పోకడ పోయాయి, కాస్త గట్టిదాని మీద కండర కణాల వైపు, ఇంకా గట్టిదాని మీద ఎముక కణాల వైపు మళ్లాయి. మరుసటి ఏడాది గ్లాస్గో పరిశోధకులు చేసిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యం. ప్లాస్టిక్ పలక మీద 120 నానోమీటర్ల వెడల్పున్న గుంటలు చెక్కారు. అవి వరసలో ఉన్నప్పుడు మూలకణాలు ఎముక వైపు పెద్దగా మొగ్గలేదు. ఆ వరసను కొద్దిగా చెదరగొట్టగానే, ఏ మందూ కలపకుండానే, ఎముక ఖనిజాన్ని తయారుచేయడం మొదలుపెట్టాయి.

ఆస్పత్రుల్లో వాడే సరుకులకూ ఇదే వర్తిస్తుంది. సిరామిక్ రకాల్లో ట్రైకాల్షియం ఫాస్ఫేట్ త్వరగా కరిగి కాల్షియం, ఫాస్ఫేట్ వదులుతుంది, హైడ్రాక్సీఅపటైట్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోగలదు. సరుకులోని రంధ్రాలు 300 మైక్రాన్లు (0.3 మిల్లీమీటరు) దాటితే రక్తనాళాలు లోపలికి చొరబడటం సులువవుతుంది. రక్తం చేరకపోతే లోపలి కణాలు బతకవు. ఒకే రసాయనాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కాల్చినా ఉపరితలం మారుతుంది, దాంతో కణాల తీరూ మారుతుంది. అందుకే ప్యాకెట్ మీద రసాయనం పేరొక్కటి చూసి రెండు సరుకులు సమానమనడం సరికాదు.

అలాగని ‘మూలకణాలను ఉత్తేజపరుస్తుంది’ అన్న ప్రతి ప్రకటననూ నమ్మాలని మేము అనడం లేదు. ల్యాబ్‌లో చాలాసార్లు కణాలున్న గిన్నెలో డెక్సామెథాసోన్, విటమిన్ సి, గ్లిసరోఫాస్ఫేట్ కలుపుతారు. అవి వాటంతట అవే కణాలను ఎముక వైపు నెడతాయి. అప్పుడు ఘనత పదార్థానిదా, ఆ ద్రవానిదా? పైగా గిన్నెలోవి తరచూ ఆరోగ్యవంతుల కణాలు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది మధుమేహంతో బాధపడుతున్న డెబ్బై ఏళ్ల మనిషి కావచ్చు. సంకేతం బలంగా ఉంటే మంచిదేనన్న భరోసా కూడా లేదు. ఎముకను పుట్టించే బీఎంపీ-2 ప్రొటీన్‌ను 2002లో నడుము వెన్నెముక ఆపరేషన్లకు అనుమతించిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మెడ భాగంలో వాడితే గొంతు వాచి ప్రాణాపాయం కలగొచ్చని 2008లో హెచ్చరించాల్సి వచ్చింది.

కొత్త గ్రాఫ్ట్ సరుకు బలంగా ఉందా, విషపూరితం కాదా అని చూసి అనుమతి ఇచ్చేస్తే చాలదని మా అభిప్రాయం. కణాలను ఎముక వైపు నెట్టే ఆ ద్రవాలేవీ కలపకుండా, వయసు మళ్లినవారి కణాలతో, మధుమేహం ఉన్నవారి కణాలతో పరీక్షించాలి. ఫలితం బాగా రాకపోయినా బయటపెట్టాలి. రంధ్రాల పరిమాణం, కరిగే వేగం లేబుల్ మీద ఉండాలి. ఏ సరుకు, దేని నుంచి తయారైంది, ఎందుకు ఎంచుకున్నారు అన్నది వైద్యులు ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పాలి, డిశ్చార్జి కాగితంలో రాయాలి. ఏడాది తర్వాత ఎక్స్‌రేలో ఎముక కనిపించకపోతే, రెండో ఆపరేషన్ చేసే డాక్టరు ముందుగా అడిగేది ఆ వివరమే.