సరిగమలకు సున్నా, సైన్ తీటాకు పద్దెనిమిది

మా బావగారి ఆదాయం ఎంతో ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి తెలుసు, మా అక్కకి తెలుసు. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే ఆయనతో నడిచే స్నేహితులకి మాత్రం తెలీదు. వాళ్లకి తెలీకపోవడం మీదే అక్కడ ఆయన పరువంతా నిలబడి ఉంది.

లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాక ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ముందుగదిలోనే ట్యూషన్లు మొదలుపెట్టారు. పొద్దున్న ఏడింటికి డాలస్‌లో ఒకడు, న్యూజెర్సీలో ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆవులిస్తూ కనబడతారు. సాయంత్రం ఊళ్లో పిల్లలు వస్తారు. అంతా కలిపినా ఏడాదికి ఐదారు లక్షలు. లోపలి గదిలో మా అక్క పిల్లలకి సంగీతం చెబుతుంది. దాని లెక్క ఆవిడ ఎవరికీ చెప్పదు.

ఓ రోజు బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర అందరూ నడక ఆపి కూర్చున్నప్పుడు, ఆడిట్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన అడిగారు. "మాష్టారూ, మీరు ఆన్‌లైన్ కూడా చెబుతున్నారు కదా, జీఎస్టీ కడుతున్నారా?"

జవాబు సులువే. సేవలు అందించేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. ఆ సంగతి బావగారికి బాగా తెలుసు. "మనకంత లేదండీ" అంటే సరిపోయేది. కానీ ఓ పక్కన సియాటిల్‌లో కొడుకున్నాయన, ఇంకో పక్కన మధురవాడలో మూడు ఫ్లాట్లున్నాయన కూర్చుని ఉన్నారు.

"ఆఁ... దాని దగ్గరికే వచ్చిందండీ" అన్నారు బావగారు.

అంతే, తలా ఒక సలహా. డాలస్ అంటే వేరే రాష్ట్రం కాదు, వేరే దేశం, కాబట్టి మొదటి రూపాయి నుంచే కట్టాలన్నారు ఒకరు. అది తప్పు. విదేశంలో ఉన్నవాళ్లకి ఇక్కణ్ణుంచి చెప్పి, డబ్బు విదేశీ మారకంలో వస్తే అది ఎగుమతి, దాని మీద పన్ను సున్నా. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ముందుగా ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇస్తే చాలు. కాకపోతే ఆ డబ్బు కూడా 20 లక్షల లెక్కలోకి వస్తుంది.

సియాటిల్ నాన్నగారు ఇంకో అడుగు ముందుకేసి, అమెరికాలో సేల్స్ టాక్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేసుకుంటుందని, 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పొచ్చాక బయట కూర్చుని అమ్మేవాళ్లని కూడా వదలడం లేదని చెప్పారు. డాలస్ ఉన్న టెక్సస్‌లో ఆరుంబావు శాతమట. ఆ రాత్రి బావగారికి నిద్రలేదు. బయటివాళ్ల విషయంలో టెక్సస్ పెట్టుకున్న హద్దు ఏడాదికి ఐదు లక్షల డాలర్లు. డాలస్ పిల్లాడు ఒక్కడే అంత ఫీజు కట్టాలంటే వాడి మనవలు కూడా వచ్చి బావగారి దగ్గర చేరాలి. ఈ మాట నేనే చెప్పాను. "నీకు తెలీదురా, వాళ్లు శాటిలైట్‌లోంచి చూస్తారు" అన్నారు.

ఇంతా చేసి ఆయన భయపడింది పన్నుకి కాదు. మర్నాడు పొద్దున్న "రిజిస్ట్రేషన్ అయిందా మాష్టారూ?" అని అడుగుతారని.

ద్వారకానగర్‌లో ఓ కన్సల్టెంట్‌ని పట్టుకుని, అక్కర్లేకపోయినా స్వచ్ఛందంగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. పోర్టల్‌లో దానికి ఫీజేం లేదు, కన్సల్టెంట్‌కి మాత్రం ఉంది. 37తో మొదలయ్యే 15 అక్షరాల నంబరు వచ్చింది. 37 అంటే ఆంధ్రప్రదేశ్. ఆ వారమంతా బావగారు బీచ్ రోడ్డులో నడవలేదు, ఊరేగారు.

తర్వాత రూల్స్ బయటపడ్డాయి. ఆ నంబరుని ఇంటి గుమ్మంలో బోర్డు మీద కనబడేలా రాయించాలి. రాయించారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాచ్‌మన్ దాన్ని కింది నుంచి పైకి చూసి, "ఏటండి మాష్టారూ, షాపెట్టినారా?" అన్నాడు. సాయంత్రానికి మూడో అంతస్తావిడ కిలో కందిపప్పు ఎంతకిస్తారని తలుపు కొట్టింది. ఆదివారం అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చి కాఫీ తాగి, బోర్డు చదివి, మెయింటెనెన్స్ కమర్షియల్ రేటుకి మార్చాల్సి ఉంటుందని నవ్వుతూనే చెప్పి వెళ్లారు.

అసలు బాధ అది కాదు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక 20 లక్షల మినహాయింపు పోయినట్టే. ఊళ్లో పిల్లల ఫీజు మీద మొదటి నెల నుంచే 18 శాతం. బావగారికి ఇది మింగుడు పడలేదు. "ఇదేం న్యాయంరా? పైథాగరస్ సిద్ధాంతం స్కూల్లో చెబితే పన్ను లేదు. అదే సిద్ధాంతం, అదే త్రిభుజం, నా ముందుగదిలో చెబితే పద్దెనిమిదా?" ఆ మాటకొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకానికి, పెన్సిల్‌కి, రబ్బరుకి కూడా పన్ను తీసేశారు. వాటితో లెక్కలు నేర్పే మనిషికి మాత్రం ఉంచారు.

పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ కొట్టున్న ఓ తండ్రి వచ్చాడు. వ్యాపారస్తుడు కాబట్టి జీఎస్టీ అంటే బెదరలేదు. "పదిహేను వందల మీద పద్దెనిమిది శాతమంటే 1,770. నేనివ్వలేనండి. పదిహేను వందల్లోనే కలిపేసుకోండి. 270 పన్నుకి పోతే మీకు 1,230 మిగుల్తాది."

మామూలు మనిషైతే బాధపడేవాడు. బావగారు లెక్కల మనిషి, ఆయనకి కోపం వచ్చింది. "270 ఎలా వస్తుందండీ? పన్ను కలిపిన మొత్తం 1,500. అసలు x అనుకోండి..." అంటూ బోర్డు దగ్గరికి లాక్కెళ్లారు. x కనుక్కుని, దశాంశాలు వేసి, అసలు ఫీజు 1,271 రూపాయల 19 పైసలని, పన్ను 228 రూపాయల 81 పైసలని తేల్చి, అక్కడితో ఆగకుండా రెండో పద్ధతిలో కూడా చేసి సరిచూపించారు. ఆ తండ్రి మర్యాదగా అంతా విని, నమస్కారం పెట్టి, కొడుకుని పక్కవీధి మాష్టారి దగ్గర చేర్చాడు. ఆ మాష్టారికి బోర్డు లేదు.

అలా ఒక్కొక్కళ్లే జారుకున్నారు. ప్రతి నెలా 20వ తారీఖుకి రిటర్న్ టెన్షన్ మాత్రం జారుకోలేదు. రాబడి సున్నా అయినా వేయాల్సిందే, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు.

ఈలోగా లోపలి గది కిటకిటలాడుతోంది. దానికి కారణం కన్సల్టెంట్ చల్లగా చెప్పాడు. కళలకి, సంస్కృతికి సంబంధించిన శిక్షణ ఒక వ్యక్తిగా ఇస్తే జీఎస్టీ లేదు. అంటే అక్క సరిగమలకి సున్నా, బావగారి సైన్ తీటాకి పద్దెనిమిది. అక్క ఏమీ అనలేదు. తంబూరా శ్రుతి మాత్రం కొంచెం పెద్దగా పెట్టింది.

ఈ సంగతి ఊళ్లో ఎలా పొక్కిందో గానీ, గాజువాక నుంచి ఒకాయన కొడుకుని వెంటపెట్టుకుని వచ్చాడు. "బిల్లు పాటకని రాయండి మాష్టారూ, లెక్కలు మీరు చెప్పండి."

బావగారు మండిపడ్డారు. ప్రభుత్వాన్ని మోసం చెయ్యడం తన వల్ల కాదన్నారు, రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు పెట్టేశానని, అది అయ్యాక రమ్మన్నారు. అక్క లోపలి నుంచి వచ్చింది. "మోసం ఎందుకు? వాడికి నిజంగానే సంగీతం చెబుతాను. ఏదీ బాబూ, గొంతు విననీ. నీకు బాగా వచ్చిందేదైనా అందుకో."

వాడు బుద్ధిమంతుడు. కళ్లు మూసుకుని, మాయామాళవగౌళ రాగానికి దగ్గరదగ్గరగా ఉన్న స్వరంలో "ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్" అందుకున్నాడు.

"టూ ఏబీ మర్చిపోయాడు" అన్నారు బావగారు.

"శ్రుతిలోనే ఉన్నాడు, ఉండండి" అంది అక్క.